గండికోట దగ్గర మూడు రోజుల కాన్యనీరింగ్ శిబిరం: ఏయే శిక్షణలు పెట్టాలి, ఏ క్రమంలో పెట్టాలి?

ప్రశ్న: పెన్నాగట్టు (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కడప ప్రాంతాలలో కొండలెక్కే అలవాటున్న వాళ్లం ఇరవై మంది దాకా ఒక జట్టుగా ఏర్పడి నాలుగేళ్లయింది. అనుమతి ఉన్న దారులలో నడకలతో మొదలుపెట్టి, క్రమంగా తాళ్లతో గండ్లలోకి, ఎండిన వంకలలోకి దిగడం దాకా వచ్చాము. దీనినే కాన్యనీరింగ్ అంటున్నారు. కొండ ఎక్కేవాడికి శిఖరం గమ్యమైతే, ఇందులో పైనుంచి మొదలై, నీళ్లు పోయే దారినే నడుస్తూ, గుండాలలో ఈదుతూ, నిలువు రాళ్ల దగ్గర తాడుతో జారుతూ, కింద క్షేమంగా బయటపడటమే గమ్యం. గండి అన్న మాట మనకు కొత్తది కాదు, గండికోటకు ఆ పేరు వచ్చిందే పెన్న చీల్చిన గండి వల్ల. అయినా ఈ విద్యను పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు మనవైపు చాలా తక్కువ.

అందువల్ల గండికోట పరిసరాలలో మూడు రోజుల శిబిరం ఒకటి పెట్టాలనుకుంటున్నాము. అనంతపురం, కర్నూలు, బెంగళూరు, హైదరాబాదుల నుంచి కలిపి అరవై మంది దాకా రావచ్చు. వారిలో సగం మంది తాడు ముట్టనివాళ్లు, కొందరు పిల్లలతో వచ్చేవాళ్లు. నవంబరు ఆఖరి వారాంతం అనుకుంటున్నాము. చివరి రోజున అందరినీ పెద్ద దిగుడుకు తీసుకువెళ్లాలని మా వాళ్ల కోరిక.

నాకు మాత్రం ఒక సందేహం పీడిస్తున్నది. క్రిందటేడు మా కుర్రవాడొకడు నలభై అడుగుల రాతి మీద దిగుతుండగా, అతని చొక్కా అంచు దిగుడు పరికరంలో చిక్కుకుపోయింది. అతను పైకీ రాలేడు, కిందికీ పోలేడు. పైన ఉన్న మేము నలుగురమూ తాడు దిగడం బాగా తెలిసినవాళ్లమే, కానీ బరువు వేలాడుతున్న తాడును ఎలా వదలాలో ఒక్కరికీ తెలియదు. చివరికి అతనే చాకుతో చొక్కా కోసుకొని బయటపడ్డాడు. బిగిసిన తాడు పక్కన చాకు ఆడించడం ఎంత ప్రమాదమో ఇంటికి వచ్చాక కూర్చొని ఆలోచించుకుంటే గాని మాకు తట్టలేదు. ఇరవై నిమిషాల ఆ వ్యవహారం తర్వాత నాకు శిబిరం ఎందుకు కావాలో తెలిసింది గాని, దానిలో ఏమేమి పెట్టాలో స్పష్టంగా తెలియడం లేదు. ఏ శిక్షణలు తప్పనిసరి? ఏవి ముందు, ఏవి తరువాత? కొత్తవాళ్లను, పిల్లలను ఏమి చేయాలి? సాయంత్రాలు ఏమి పెడితే బాగుంటుంది? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం: మోటతాడు (అనంతపురం)

పెన్నాగట్టు గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆ కుర్రవాడి చొక్కా ఏ నిమిషంలో ఇరుక్కుందో ఆ నిమిషం చుట్టూనే శిబిరమంతా కట్టండి. నేను ఎనిమిదేళ్లు పుణెలో ఉద్యోగం చేస్తూ సహ్యాద్రి జలపాతాలలో దిగినవాణ్ణి. అక్కడ నేను చూసిన శిబిరాలలో ఎక్కువ భాగం ఒకే తీరున సాగేవి: ఉదయం హార్నెస్ (నడుముకూ తొడలకూ బిగించే పట్టీల కట్టు) తొడగడం, పది గంటలకు వరుసలో నిలబడటం, ఒక్కొక్కరే దిగడం, ఫోటో, భోజనం. రోజుకు ఎనభై మందిని దింపామని నిర్వాహకులు గొప్పగా చెప్పుకునేవారు. ఆ ఎనభై మందిలో ఒక్కరికైనా ఏదైనా వచ్చిందా అని అడిగేవాళ్లు లేరు.

ముందుగా తేదీ సంగతి. నవంబరు ఆఖరు వద్దు. మనది కరువు సీమ అని పేరే గాని, కడప జిల్లాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన ఉంటుంది, బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే ఒక్క రాత్రిలో వంకలన్నీ ఏకమవుతాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి ఆ జిల్లావాళ్లకు నేను చెప్పనక్కరలేదు. సంక్రాంతి తర్వాతి రోజులు మేలు. ఎండ ముదరదు, వాన భయమూ తక్కువ.

ఇక శిక్షణ. పర్వతారోహణలో తాడు వాడకానికీ, గండి దిగడంలో తాడు వాడకానికీ ఒక మౌలికమైన తేడా ఉంది. ఇక్కడ చివరి మనిషి దిగిన తర్వాత తాడును కిందినుంచి లాగి తీసుకొని ముందుకు పోతాము. తాడు లాగేసుకున్న క్షణం నుంచి వెనక్కి దారి లేదు. ఉత్తరకాశీలోనో డార్జిలింగ్‌లోనో పర్వతారోహణ కోర్సు చేసి వచ్చినవాళ్లకు ముడులూ క్రమశిక్షణా బాగా వచ్చి ఉంటాయి, వాళ్లను తప్పక శిక్షకులుగా పిలవండి. అయితే తాడును తిరిగి లాక్కునే కట్టు, బరువు ఉన్నప్పుడే పైనుంచి వదలగలిగే కట్టు, ఈ రెండింటినీ వాళ్ల చేత ముందుగా చేయించి చూడండి.

మొదటి రోజంతా ఎవరినీ రాయి అంచుకు పోనివ్వవద్దు. నేల మీదనే పని. చెట్టుకో, జీపు కొక్కేనికో తాడు కట్టి, పైన బిగించిన ఫిగర్ ఎయిట్ (ఎనిమిది అంకె ఆకారపు దిగుడు పరికరం)తోనో, మంటర్ ముడి వేసి దానిని మ్యూల్ ముడితో బిగించో, బరువు ఉండగానే వదలగలిగే కట్టు ఎలా వేయాలో ప్రతివారి చేతా పదిసార్లు చేయించండి. కింద ఒకరు హార్నెస్‌తో బరువు వేసి కూర్చోవాలి, పైవారు ఆ బరువును మెల్లగా రెండు గజాలు వదలాలి. మీ కుర్రవాడి విషయంలో ఈ కట్టు పైన ఉండి ఉంటే చాకు బయటికి వచ్చేది కాదు. పైవారు అతణ్ణి అలాగే కిందికి దించేసేవారు. ఇది రాని మనిషిని నేనైతే మరునాడు పైన చివరివాడిగా నిలబడనివ్వను.

అదే రోజు మధ్యాహ్నం రెండో వైపు కూడా చూపాలి, అంటే వేలాడుతున్నవాడు తనకు తాను సాయం చేసుకోవడం. తొమ్మిది మిల్లీమీటర్ల తాడు మీద ఆరు మిల్లీమీటర్ల సన్నతాడుతో ప్రూసిక్ ముడి (బరువు పడితే తాడును బిగించి పట్టే ముడి) వేసి, దానికి కాలు పెట్టుకునే ఉచ్చు తగిలించి, లేచి నిలబడి, పరికరం మీది బరువు తీసేసి, ఇరుక్కున్న గుడ్డను విడిపించుకోవడం. వినడానికి మూడు వాక్యాలే, చేయడానికి మొదటిసారి అరగంట పడుతుంది. చొక్కా లోపలికి దోపుకోవడం, జడను హెల్మెట్ కింద ముడుచుకోవడం అన్నవి దీనికంటే ముందు చెప్పవలసిన మాటలు.

ఆంకర్, అంటే తాడును కట్టే ఆధారం, గురించి ఒక చిన్న ప్రదర్శన చెబుతాను, ఖర్చు లేనిది. రెండు స్ప్రింగ్ కాటాలు తీసుకొని, రెండు ఆధారాలకు వాటిని తగిలించి, వాటి నుంచి వచ్చిన తాళ్లు కలిసే చోట ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా వేలాడదీయండి. తాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు ఉన్నప్పుడు ఒక్కొక్క కాటా దాదాపు పదకొండున్నర కిలోలు చూపుతుంది. 90 డిగ్రీలకు తెస్తే పద్నాలుగు. 120 డిగ్రీలకు తెస్తే ఒక్కొక్కటీ ఇరవై కిలోలూ చూపుతుంది, అంటే రెండు ఆధారాలు పెట్టి కూడా ఒక్కొక్క దాని మీద పూర్తి బరువు వేసినట్లే. ఆధారాల మధ్య కోణం చిన్నదిగా ఉండాలని వందసార్లు చెప్పినా ఎక్కనిది, ఆ ముల్లు తిరగడం ఒక్కసారి చూస్తే ఎక్కుతుంది.

రెండో రోజు పదిహేను ఇరవై అడుగుల రాయి చాలు. అక్కడ నిజంగా దిగనివ్వండి, కానీ ప్రతి దిగుడులోనూ ఒక చిక్కు ఉండాలి: ఒకరికి మధ్యలో ఆగి చేతులు వదిలేలా పరికరాన్ని బిగించమనాలి, మరొకరిని పైనుంచి దించాలి, ఇంకొకరిచేత తాడులో వేసిన ముడిని దాటించాలి. తాడు చివర ముడి వేయడం మాత్రం ప్రతిసారీ తప్పనిసరి చేయండి. తాడు చాలక చివరనుంచి జారిపోయి చనిపోయినవాళ్లు ఈ ఆటలో తక్కువేమీ కాదు. ఒక శిక్షకుడికి ఆరుగురికి మించి నేర్చుకునేవాళ్లు వద్దు. అరవై మందికి సరిపడే శిక్షకులు దొరకకపోతే నలభై మందినే పిలవండి.

చివరి రోజు పెద్ద దిగుడు గురించి అడిగారు. అరవై మందిని ఒక గండిలోకి దింపడం శిబిరం కాదు, తిరునాళ్ల. మొదటి రెండు రోజులలో పనితనం చూపిన పది పన్నెండు మందిని రెండు జట్లుగా పంపండి, మిగతావారికి వేరే పని పెట్టండి.

సమాధానం: నాపరాయి (జమ్మలమడుగు)

మోటతాడు గారు చెప్పిన దానితో నూటికి తొంభై పాళ్లు ఏకీభవిస్తాను. ఒక్కచోట మాత్రం సవరణ అవసరం. తాడు చివర ముడి ప్రతిసారీ వేయాలన్నారు. ఎండు రాతి మీద అది సరైన మాటే. కానీ కింద పారే నీరో, లోతైన గుండమో ఉన్నచోట ఆ ముడి ప్రాణం తీయగలదు. నీటి ఉధృతిలో ఉన్న మనిషి పరికరం ముడి దగ్గరికి వచ్చి ఆగిపోతే, తాడు అతణ్ణి నీటిలోనే పట్టి ఉంచుతుంది. అలాంటి చోట తాడు పొడవును ముందే కొలిచి, చివర నీటి మట్టాన్ని తాకీ తాకనట్టుగా ఉంచి, ముడి లేకుండా వదులుతారు, దిగినవాడు ఈదుకుంటూ తాడు నుంచి తేలికగా బయటపడిపోతాడు. రెండు సూత్రాలూ నిజమే గనుక, ఎక్కడ ఏది వర్తిస్తుందో నేర్పడమే ఒక పూట శిక్షణకు సరిపోతుంది. కొత్తవాళ్లు ఒకే సూత్రం కంఠస్థం చేసి పోతే చిక్కు.

ఇప్పుడు ఊరివాడిగా నాలుగు మాటలు. గండికోట కోట, అందులోని మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. కోట గోడల మీదనుంచి గాని, ప్రజలు ఫోటోలకు నిలబడే ఆ అంచు మీదనుంచి గాని తాళ్లు వేసే ఆలోచన పెట్టుకోవద్దు, డ్రిల్లుతో రాతిలో బోల్టులు దించడం అసలే వద్దు. దూరంగా శిబిరానికి తగిన రాళ్లు ఉన్నాయి గాని, అవి ఎవరి భూమిలో ఉన్నాయో, అటవీ శాఖ పరిధిలోకి వస్తాయో రావో ముందుగా రెవెన్యూ కార్యాలయంలోనూ, అటవీ కార్యాలయంలోనూ లిఖితపూర్వకంగా తేల్చుకోండి. లంకమల వైపు పోవాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే అది అభయారణ్యమని, కలివికోడి ఉన్న చోటని గుర్తుంచుకోవాలి. 1900 తర్వాత కనిపించక అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ కనిపించింది ఈ జిల్లాలోనే. అక్కడ గుంపుగా తిరిగే పని పెట్టుకోకూడదు.

మా రాయి స్వభావం తెలుసుకోకుండా ఆంకర్ పాఠం పూర్తి కాదు. గండి అంచున ఉన్న రాయి పలకలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది, నిలువునా పగుళ్లు ఉంటాయి. చూడటానికి ఏనుగంత బండ కదలకుండా కూర్చున్నట్టే ఉంటుంది, చుట్టూ తాడు కట్టడానికి ఎంతో వీలుగా కనిపిస్తుంది. దాని అడుగున మట్టి కొట్టుకుపోయి, అది మూడు చోట్ల మాత్రమే ఆనుకొని ఉండవచ్చు. బండను చూడగానే కట్టేయకుండా, అడుగును పరీక్షించడం, అరచేత్తో కొట్టి బోలుగా మోగుతున్నదేమో వినడం, ముందు దూరంనుంచి నలుగురు కలిసి బలంగా లాగి చూడటం, అది విఫలమైతే మరొకటి పట్టేలా రెండో ఆధారం ఉంచడం, ఇవన్నీ చేతితో చేయించాలి. అంచులు కూడా పదును. తాడు అంచుకు రాసుకునే ప్రతిచోటా మందపాటి గోనెసంచి మడతలు వేసి, అవి జారిపోకుండా కట్టాలి.

పెన్న గురించి ఒక హెచ్చరిక. గండికి పైన గండికోట జలాశయం, కింద మైలవరం జలాశయం ఉన్నాయి. ఇక్కడ నీటిమట్టం వానతోనే కాదు, గేట్లతో కూడా మారుతుంది. గండి అడుగున ఇసుకలో ఎవరైనా గుడారం వేద్దామంటే వద్దని చెప్పండి. శిబిరం జరిగే మూడు రోజులూ నీటిపారుదల అధికారులతో ఒకరు మాట్లాడుతూ ఉండాలి.

చివరగా తేనెటీగలు. రాతి కొమ్ముల కింద బల్లకట్టు అంత పట్టులు వేలాడే పెద్ద తేనెటీగలు ఇక్కడ ఉంటాయి. నాకు వ్యక్తిగతంగా ఎత్తు భయం లేదు, నీటి భయం లేదు, వీటి భయం మాత్రం ఉంది. దిగవలసిన రాతిని ముందురోజే బైనాక్యులర్‌తో అడుగు అడుగునా చూడాలి. పట్టు కనబడితే ఆ రాయిని వదిలేయాలి, ఇంకో పక్కనుంచి దిగుదామన్న బేరం పనికిరాదు. పొగ, అత్తరు, డ్రోను మోత, పైనుంచి రాళ్లు దొర్లించడం, ఇవేవీ వద్దు.

సమాధానం: మందులపెట్టె (కడప)

నేను అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యురాలిని. తాళ్ల విద్య నాకు తెలియదు, తాళ్ల మీదనుంచి దించాక వచ్చే పని తెలుసు. పై ఇద్దరూ చెప్పిన దానికి నా వైపునుంచి కొన్ని విషయాలు కలుపుతాను.

హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి, పెద్ద గాయమేదీ లేకపోయినా, కాళ్లలో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాలలోనే స్పృహ తప్పవచ్చు. కాబట్టి మోటతాడు గారు చెప్పిన వదలగలిగే కట్టు సౌకర్యం కోసం కాదు, అది మొదటి చికిత్స. వేలాడుతున్నవాడు స్పృహలో ఉంటే కాళ్లు ఆడిస్తూ ఉండాలి, రాతిని తన్నుతూ ఉండాలి, వీలైతే ఉచ్చులో కాలు పెట్టి నిలబడాలి. దించిన తర్వాత అతణ్ణి కూర్చోబెట్టే ఉంచాలన్న పాత సలహా ఇంకా కొన్నిచోట్ల వినిపిస్తుంది, దానిని ఇప్పుడు పాటించడం లేదు. మామూలుగా స్పృహ తప్పినవారిని పడుకోబెట్టినట్టే పడుకోబెట్టి, శ్వాస చూసి, 108కి ఫోన్ చేయాలి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో, అంబులెన్సు ఎంత దగ్గరిదాకా రాగలదో శిబిరానికి ముందే ఒకరు నడిచి చూసి రావాలి.

తేనెటీగల విషయంలో నాపరాయి గారి భయం న్యాయమైనదే. తాడు మీద ఉన్నవాడు పరుగెత్తలేడు, రెండు చేతులతో ముఖం కప్పుకోలేడు. అలాంటప్పుడు కూడా పైవారు తాడు వదిలి వేగంగా కిందికి దించగలగడమే అతనికున్న దారి. ముల్లును గోటితోనో కార్డు అంచుతోనో వెంటనే గీకి తీసేయాలి, పద్ధతి కంటే వేగం ముఖ్యం. పెదవులు వాచడం, గొంతు బిగియడం, ఆయాసం, ఒళ్లంతా దద్దుర్లు, ఇవి కనిపిస్తే అది అలర్జీ తీవ్రరూపం. తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇవ్వగలిగిన వైద్యుడో నర్సో శిబిరంలో ఉండి తీరాలి. నమోదు పత్రంలోనే ఎవరికి ఏ అలర్జీ ఉందో అడగండి.

రాళ్ల సందులలో చేతులు పెట్టే ఆట గనుక పాముల మాట కూడా రావాలి. మన ఆసుపత్రులలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు పనిచేస్తుంది. కాటు పడ్డ అవయవాన్ని కదలకుండా కట్టెతో కట్టి, ఉంగరాలూ కడియాలూ తీసేసి, మోసుకొని తీసుకురండి. గట్టిగా తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. మా దగ్గరికి వచ్చే కేసులలో పాము కంటే ఎక్కువ నష్టం చేసింది ఆ బిగించిన తాడేనన్నది నేను కళ్లారా చూసిన సందర్భాలు ఉన్నాయి.

జనవరిలో పెట్టినా మధ్యాహ్నపు రాతి వేడి తక్కువేమీ కాదు. ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్టును లీటరు నీటిలోనే కలపాలి, అర సీసాలో కలిపి చిక్కగా తాగితే మేలుకు బదులు కీడు. దానికి విరుద్ధంగా, ఎండ పడని గుండంలో తడిసి గంటసేపు వరుసలో నిలబడ్డవాడికి కడపలో కూడా వణుకు పుడుతుంది. మాట తడబడటం మొదలైతే అతణ్ణి తాడు మీదికి పంపకూడదు.

ఈ విషయాలను ఉపన్యాసంగా చెప్పకండి. రెండో రోజు మధ్యాహ్నం, ఎవరికీ ముందుగా చెప్పకుండా, ఒకరిని స్పృహ తప్పినట్టు తాడు మీద వేలాడమని, జట్టును పని చేయనివ్వండి. నేను గడియారం పట్టుకొని పక్కన నిలబడతాను. ఆ పూట సెలవు దొరికితే తప్పక వస్తాను.

సమాధానం: వెల్దుర్తి బాట (కర్నూలు)

కొత్తవాళ్లనూ, పిల్లలనూ, సాయంత్రాలనూ ఎవరూ పట్టించుకోలేదు గనుక నేను రాస్తున్నాను. మా ఇద్దరు పిల్లలతో ఇలాంటి శిబిరాలకు వెళ్లి, గుడారం దగ్గర వంట గిన్నెలకు కాపలా కూర్చొని వచ్చిన తల్లిని నేను. తాడు దిగనివాళ్లకు పని లేని శిబిరానికి ఆడవాళ్లు రెండోసారి రారు.

దిగనివాళ్లకు, దిగేవాళ్లకు కూడా సమానంగా అవసరమైన శిక్షణ ఒకటి ఉంది: వంకను చదవడం. ఎండిన వంక వెంట రెండు గంటలు నడిపించి, క్రిందటి వరదలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గుర్తు పట్టమనండి. రాతి సందులలో ఇరుక్కున్న పుల్లలు, చెట్టు కొమ్మలకు చుట్టుకున్న గడ్డి, గోడ మీద మట్టి గీత, ఒక్కోసారి తలకు రెండు నిలువుల పైన ప్లాస్టిక్ సంచి. పిల్లలు ఈ ఆనవాళ్లను పెద్దవాళ్ల కంటే ముందు పట్టేస్తారు. తర్వాత, ఇప్పుడే నీళ్లు వస్తే ఎక్కడికి ఎక్కుతారు అని అడగండి. సమాధానం లేని మలుపు వచ్చినప్పుడు అందరూ నిశ్శబ్దమవుతారు, ఆ నిశ్శబ్దమే పాఠం.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే, ఈ ఆట చరిత్రలో పెద్ద ప్రమాదాలు చాలావరకు తాడు తెగి జరిగినవి కావు. 1997 ఆగస్టు 12న అమెరికాలోని యాంటెలోప్ కాన్యన్‌లో పదకొండు మంది వరదకు కొట్టుకుపోయారు, వాన కురిసింది వాళ్ల తల మీద కాదు, మైళ్ల దూరంలో. 1999 జులై 27న స్విట్జర్లాండులో ఇంటర్‌లాకెన్ దగ్గర సాక్సెటెన్ వాగులో శిక్షకులతో సహా ఇరవై ఒక్క మంది పోయారు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోనే జయాన్ జాతీయ వనంలోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు. నీళ్ల రంగు మారడం, ఆకులూ పుల్లలూ తేలి రావడం, ఎగువనుంచి రైలు వస్తున్నట్టు మోత, ఇవి కనిపించి వినిపించేసరికి చాలాసార్లు నిమిషాలే మిగులుతాయి. వెనక్కి తిరగాలన్న నిర్ణయం గండిలోకి దిగకముందే, ఉదయం ఆకాశం చూసి, ఎగువ ఊరికి ఫోన్ చేసి తీసుకోవలసినది.

దీనితో పాటు గండ్లను అంచనా కట్టే పద్ధతి ఒక గంట చెప్పించండి. అమెరికా పద్ధతిలో 3బి III అని రాస్తే, 3 అంటే తాళ్ల పని ఉందని, బి అంటే నిలువ నీటిలో నడవాలో ఈదాలో ఉందని, రోమన్ అంకె పట్టే సమయమని అర్థం. అక్షరం సి అయితే నీరు పారుతున్నట్టు, అంటే విద్యే వేరు. ఫ్రెంచి పద్ధతి నిలువు కష్టానికీ నీటి కష్టానికీ విడివిడిగా ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేస్తుంది. శిబిరానికి వచ్చినవాళ్లు తమకు తెలిసిన వంకలకు ఈ అంకెలు తామే వేసి వాదించుకుంటే, ఆ వాదన ఒక సాయంత్రానికి సరిపోతుంది. మావాళ్లు వాదనకు ఎప్పుడూ వెనుదీయరు.

మిగతా సాయంత్రాలకు: కళ్లకు గంతలు కట్టి, చేతులు తడిపి ముడులు వేసే పోటీ. నీళ్లలో కొట్టుకుపోతున్నవాడికి తాడు సంచి విసిరినట్టు, నేల మీద పరచిన టైరులోకి సంచి విసిరే పోటీ. తాడును చిక్కు పడకుండా సంచిలో కూరే పోటీ. ఈలల సంకేతాలు పిల్లలకు ఆటగా నేర్పండి, నీటి మోతలో మాట వినిపించదు కాబట్టి, ఒక ఊదు అంటే ఆగు అన్నదైనా అందరికీ ఒకటిగా ఉండాలి. పాత సామాన్ల అంగడి పెడతారేమో, హెల్మెట్లు, తాళ్లు, హార్నెస్‌లు చేతులు మారనివ్వకండి. వాటి వయసు, అవి పడ్డ దెబ్బలు అమ్మేవాడికే సరిగ్గా తెలియవు. సంచులు, బూట్లు, నీళ్లు చొరని డబ్బాలు మార్చుకోనివ్వండి. భోజనం ఊళ్లోని ఆడవాళ్లకు అప్పగిస్తే జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, పొద్దున ఉగ్గాని, అందరికీ సంతోషం, ఊరికీ నాలుగు రూపాయలు.

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా జట్టు కూర్చొని మీ సమాధానాలన్నీ చదివింది. నవంబరు రద్దు చేశాము, సంక్రాంతి తర్వాతి వారాంతానికి మార్చాము. పిలుపు నలభై మందికే, శిక్షకులు ఏడుగురు. మొదటి రోజు నేల మీది పని, అంటే వదలగలిగే కట్టు, ప్రూసిక్, కాటాల ప్రదర్శన. రెండో రోజు ఉదయం చిన్న రాయి, మధ్యాహ్నం చెప్పకుండా పెట్టే పరీక్ష. మూడో రోజు అందరికీ వంక నడక. పెద్ద దిగుడు విషయంలో మావాళ్లు ఇద్దరు ఇంకా అలిగి ఉన్నారు. పరీక్షలో నెగ్గిన రెండు జట్లకే, అదీ తేనెపట్టులు లేని రాయి దొరికితేనే అన్నాము.

తాడు చివరి ముడి మీద ఇంట్లో పెద్ద వాదన జరిగింది. చివరికి రెండు పద్ధతులకూ రెండు వేరు వేరు చోట్లు పెట్టి, ఎండు రాతి దగ్గర ముడితోనూ, చెరువు గట్టున లైఫ్ జాకెట్లతో ముడి లేకుండానూ చేయించాలని నిర్ణయించాము. మోటతాడు గారికి అభ్యంతరం లేదనుకుంటాను.

స్ప్రింగ్ కాటాలు మా ఊళ్లో అడిగితే అందరూ ఎలక్ట్రానిక్ కాటాలే చూపిస్తున్నారు. ముల్లు తిరిగేవి ఎవరిదగ్గరైనా ఉన్నాయా?

మోటతాడు (అనంతపురం)

నాపరాయి గారి సవరణను అంగీకరిస్తున్నాను. జలపాతాలలో తిరిగినవాణ్ణి అయ్యుండి ఆ మాట నేనే ముందు రాయవలసింది. నేర్పేటప్పుడు సూత్రం కంటే ముందు, కింద ఏముంది అన్న ప్రశ్న వేయించండి.

నాపరాయి (జమ్మలమడుగు)

కాటాలు మా చెనిక్కాయల అంగడిలో రెండున్నాయి, యాభై కిలోలవి, శుక్రవారం సాయంత్రమే తెచ్చి ఇస్తాను. ఒకటి మాత్రం మా నాన్నగారి కాలంనాటిది, అరకిలో ఎక్కువ చూపుతుంది. ముందు రెండింటికీ ఒకే డబ్బాను విడివిడిగా తగిలించి ఆ తేడా రాసిపెట్టుకోండి. లేకపోతే పిల్లలు కోణాన్ని వదిలిపెట్టి నా తూకం మీద పడతారు.